పిల్లలకు డబ్బు సంగతులు: షేర్ల కోర్సుకు ముందు రూపాయి వడ్డీ లెక్క

నమస్కారం అండి. మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీది విజయవాడ, పటమట. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్‌లో ఉంటున్నాడు. అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం, ఏడాదికి లక్ష చొప్పున ఇప్పటికి రెండు లక్షల విద్యా రుణం తీసుకున్నారు, వడ్డీ 10 శాతం. ఇద్దరికీ డబ్బు విలువ తెలియడం లేదని మీ బాధ. రూ. 15,000 కడితే ఆన్‌లైన్‌లో షేర్ మార్కెట్ నేర్పుతామని ఎవరో చెప్పారు. అమ్మాయిని అందులో చేర్పించాలా, అబ్బాయికి ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఆ కోర్సులో చేర్పించకండి. ఈ వయసు పిల్లలకు మొదట తెలియవలసింది అప్పు ఖరీదు. దానికి ఫీజు కట్టనక్కర్లేదు. మీ బీరువాలో ఉన్న కాగితాలు చాలు: బ్యాంకు పాస్‌బుక్కు, బండి అప్పు పత్రం, చీటీ పుస్తకం, విద్యా రుణం మంజూరు పత్రం, ఎవరికైనా రాసిచ్చిన ప్రామిసరీ నోటు ఉంటే అదీ. వాటిని పిల్లల ముందు పెట్టండి. లెక్క మీరు వేసి చూపకండి, వాళ్ళ చేత వేయించండి.

నేను గుంటూరులో ఒక డిగ్రీ కళాశాలలో 24 ఏళ్ళుగా కామర్స్ చెబుతున్నాను. తొమ్మిదేళ్ళుగా శనివారం మధ్యాహ్నాలు సిలబస్‌తో పని లేకుండా డబ్బు లెక్కల తరగతి నడుపుతున్నాను. మొదటి రెండేళ్ళు పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను: బడ్జెట్, పొదుపు, పెట్టుబడి. పరీక్ష పెడితే పిల్లలకు మంచి మార్కులే వచ్చాయి. ఆరు నెలలు తిరగకముందే వాళ్ళలో ఇద్దరు ఫోనులో అప్పులిచ్చే యాప్‌లకు చిక్కి, కళ్ళనీళ్ళతో నా దగ్గరికి వచ్చారు. వార్షిక వడ్డీ రేటు అంటే ఏమిటో ఇద్దరూ పరీక్షలో తప్పు లేకుండా రాశారు. తాము కడుతున్నది ఎంత వడ్డీయో మాత్రం చెప్పలేకపోయారు. ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చుకున్నాను.

మార్పు ఎలా మొదలైందో చెప్పాలి, ఎందుకంటే మీకు పనికొచ్చేది అదే. ఒక శనివారం బీకాం రెండో సంవత్సరం పిల్లలను అడిగాను: ఏడాదికి 24 శాతం బారువడ్డీకి తీసుకున్న అప్పు ఎప్పటికి రెట్టింపు అవుతుంది? అందరూ నోటు పుస్తకాల మీదికి వంగారు. ప్రశ్న మార్చి, "నూటికి రెండు రూపాయల వడ్డీ అయితే?" అన్నాను. వెనక వరుసలో, ప్రత్తిపాడు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అబ్బాయి పెన్ను కూడా ఎత్తకుండా "యాభై నెలలు మేడం" అన్నాడు. వాళ్ళ నాన్న మిరప, పత్తి వేస్తారు. ఆ లెక్క వింటూనే పెరిగాడు. రెండు ప్రశ్నలూ ఒకటేనని తరగతిలో సగం మందికి అప్పటిదాకా తట్టలేదు.

మీ ఇంట్లో వాడే కొలతలోనే నేర్పండి. మన వైపు వడ్డీని నూటికి నెలకు ఇంత అని చెప్పుకుంటాం. పిల్లలకు అది ఇంటి భాష, శాతం బడి భాష. ఈ రెండింటికీ వంతెన వేస్తే సగం పని అయిపోయినట్టే. శాతాన్ని 12తో భాగిస్తే చాలు. 7 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్ అంటే 58 పైసల వడ్డీ. 3 శాతం ఇచ్చే పొదుపు ఖాతా పావలా వడ్డీ. డ్వాక్రా సంఘంలో ఉన్న తల్లులు ఈ పావలా మాటను వెంటనే పట్టుకుంటారు, ఆ పేరుతో పథకమే నడిచింది కాబట్టి. ధరల పెరుగుదలను రిజర్వు బ్యాంకు 4 శాతం దగ్గర ఉంచాలన్నది లక్ష్యం, అంటే 33 పైసలు. పావలా వస్తూ 33 పైసలు పోతుంటే ఆ ఖాతాలో పడి ఉన్న డబ్బు ఏమవుతోంది? ఈ ప్రశ్న నేను అడగకుండానే పిల్లలు అడుగుతారు. ఇక క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం వేస్తే అది మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్ళో ఎవరైనా మూడున్నర రూపాయలకు అప్పు తెచ్చుకున్నాడంటే వాడి పని అయిపోయిందని అనుకుంటాం. అదే రేటు మెరిసే కార్డు మీద వస్తే గుర్తుపట్టం.

ఆ ప్రత్తిపాడు అబ్బాయి సంగతి అక్కడితో ఆగలేదు. తరువాతి వారం వాళ్ళ నాన్న రాసిచ్చిన నోటు వివరాలు కాగితం మీద రాసుకొచ్చాడు. లక్ష రూపాయలు, రెండు రూపాయల వడ్డీ. ప్రామిసరీ నోటుకు మూడేళ్ళ కాలపరిమితి ఉంటుంది కదా, అది దాటకముందే నోటు తిరగరాశారు. తిరగరాసేటప్పుడు మూడేళ్ళ వడ్డీ రూ. 72,000 అసలులో కలిసింది. కొత్త నోటు లక్షా 72 వేలకు. దాని మీద మళ్ళీ మూడేళ్ళు రెండు రూపాయల వడ్డీ అంటే రూ. 1,23,840. ఆరేళ్ళు నిండేసరికి బాకీ రూ. 2,95,840. నోటు తిరగరాయకుండా బారువడ్డీగానే సాగి ఉంటే రూ. 2,44,000 అయ్యేది. మధ్యలో ఉన్న రూ. 51,840 ఒక సంతకానికి పడిన ఖరీదు. వాళ్ళ నాన్న అన్నేళ్ళూ తాను బారువడ్డీయే కడుతున్నానని అనుకున్నారు. చక్రవడ్డీ పాఠం నేను చాలా ఏళ్ళు సూత్రంతో చెప్పాను. ఆ రోజు సూత్రం అవసరం పడలేదు.

వాళ్ళకు సొంత భూమి ఎకరన్నర ఉంది, మిగతాది కౌలు. పంట రుణం మూడు లక్షల వరకు 7 శాతానికి వస్తుంది, గడువులోగా కట్టినవారికి ఇంకో 3 శాతం రాయితీ పోయి 4 శాతమే పడుతుంది. మళ్ళీ మన కొలతలో 33 పైసలు. బ్యాంకు చుట్టూ తిరగలేక ఆయన ఆ ఎకరన్నర మీద ఎప్పుడూ తీసుకోలేదు. ఆ ఏడు కొడుకే కాగితాలు పట్టుకుని తండ్రిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. పెట్టుబడికి బ్యాంకు డబ్బు వాడుకుని, గుంటూరు యార్డులో మిరప అమ్మిన డబ్బులోంచి నోటు బాకీ కొంత తీర్చారు. కౌలు పొలానికి మాత్రం ఆ దారి దొరకలేదు. అది వేరే పెద్ద కథ. కానీ పంతొమ్మిదేళ్ళ పిల్లవాడు తన ఇంటి అప్పు గురించి తండ్రితో కూర్చుని మాట్లాడగలిగాడు. నా 24 ఏళ్ళ ఉద్యోగంలో నాకు అంత తృప్తినిచ్చిన సంఘటనలు ఎక్కువ లేవు.

మీది వ్యవసాయ కుటుంబం కాకపోవచ్చు. అయితే బండి అప్పు తీసుకోండి. "రూపాయి వడ్డీయే అండి" అని చెప్పి లక్ష రూపాయలు రెండేళ్ళకు ఇస్తారు. వడ్డీ 24 వేలు, మొత్తం లక్షా 24 వేలను 24తో భాగించి నెలకు రూ. 5,167 కట్టమంటారు. కానీ మొదటి నెల నుంచే మీరు అసలు కూడా తీరుస్తున్నారు. ఏడాది తరువాత మీ దగ్గర వాళ్ళ డబ్బు సగానికి కాస్త పైన మాత్రమే మిగులుతుంది, వడ్డీ మాత్రం పూర్తి లక్ష మీద నడుస్తూనే ఉంటుంది. సరిగ్గా లెక్క కడితే అది రూపాయి వడ్డీ కాదు, దాదాపు రూపాయి 80 పైసలు. ఏడాదికి 21.6 శాతం. దీన్ని ఫ్లాట్ రేటు అంటారు. కంప్యూటర్‌లో ఎక్సెల్ పట్టిక తెరిచి నెలనెలా అసలు, వడ్డీ విడదీసి రాయమనండి. బీటెక్ అమ్మాయికి అది అరగంట పని.

సున్నా వడ్డీ వాయిదాలు కూడా అంతే. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ఎక్కడో ఒకచోట, ధరలోనో రుసుములోనో దాగి ఉంటుంది. మా పిల్లలకు నేను నేర్పే ప్రశ్న ఒక్కటే. బీసెంట్ రోడ్డులో ఫోను కొనడానికి వెళ్ళినా, గుంటూరు బ్రాడీపేటలో కొన్నా, ముందు "మొత్తం రొక్కం ఇస్తే ఎంతకిస్తారు?" అని అడగమంటాను. ఆ ధరకూ వాయిదాలన్నీ, రుసుములూ కలిపిన మొత్తానికీ ఉన్న తేడాయే వడ్డీ.

ఇప్పుడు మీ అబ్బాయి విషయం. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది. మన రెండు ఊళ్ళలో ఇంటర్ హాస్టళ్ళలో చదివే పిల్లలు రెండేళ్ళు దాదాపు రూపాయి ముట్టరు. ఫీజు తల్లిదండ్రులు కడతారు, భోజనం మెస్సులో, చేతిలో ఫోను ఉండదు, ఎప్పుడో ఆదివారం బయటికి పంపితే చేతిలో ఐదు వందలు పెడతారు. అలాంటి పిల్లవాడికి పద్దెనిమిది నిండే వేళకు ఒకేసారి ఇంజనీరింగ్ కాలేజీ, కొత్త ఫోను, యూపీఐ, బయటి హాస్టలు వచ్చి పడతాయి. ఈత రాని వాణ్ణి ప్రకాశం బరాజ్ పైన నిలబెట్టి దూకమన్నట్టు ఉంటుంది. తప్పు పిల్లవాడిది కాదు.

అందుకే ఇంటర్ పరీక్షలూ, ప్రవేశ పరీక్షా అయిపోయిన తరువాత, కాలేజీ తెరిచేలోగా దొరికే నెలలు చాలా విలువైనవి. ఆ నెలల్లో ఇంటి ఖర్చు పూర్తిగా వాడి చేతికి ఇవ్వండి. కరెంటు బిల్లు, గ్యాస్, పాలు, వెచ్చాలు, కూరగాయలు. ఒకటో తారీఖున మొత్తం ఇచ్చి, నెలాఖరుకు మిగిలితే సగం వాడిదేనని చెప్పండి. మధ్యలో అయిపోతే మళ్ళీ నింపకండి. ఆ వారం ఇంట్లో అందరూ పచ్చడి మెతుకులు తినవలసి వచ్చినా సరే. తల్లిదండ్రులు ఓడిపోయేది ఇక్కడే. పిల్లవాడి ముఖం చూసి ఇంకో వెయ్యి ఇస్తారు, పాఠం అక్కడితో ఆగిపోతుంది. ఐదు వేలతో చేసిన పొరపాటు ఇంట్లో జరగనివ్వండి, బయట అది ఐదు లక్షలతో జరుగుతుంది.

ఖాతా ఇప్పుడే తెరవవచ్చు. పదేళ్ళు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవడానికి బ్యాంకులు అనుమతించవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో మరోసారి స్పష్టం చేసింది. పరిమితులు బ్యాంకును బట్టి ఉంటాయి.

చాలామంది రోజూ ఖర్చుల డైరీ రాయించమంటారు. నేను మానేశాను. పిల్లలు ఆదివారం రాత్రి కూర్చుని వారం మొత్తం ఊహించి రాస్తారు. దానికి బదులు నెలకు ఒకసారి బ్యాంకు స్టేట్‌మెంట్ ముద్రించి తెమ్మంటాను. ప్రతి పద్దు పక్కన ఒకే మాట రాయాలి: మళ్ళీ ఇదే ఖర్చు చేస్తావా, చేయవా? నేను చదవను, ఎవరికీ చూపించనక్కర్లేదు. గత ఏడాది ఒకమ్మాయి తన స్టేట్‌మెంట్‌లో ఒకే నెలలో 41 సార్లు వంద రూపాయల లోపు చెల్లింపులు లెక్కపెట్టి నివ్వెరపోయింది. చేతిలోంచి నోటు పోతే తెలిసేది, వేలితో నొక్కితే తెలియడం లేదని తనే చెప్పింది.

పద్దెనిమిది నిండిన రోజు సంతకం గురించి మాట్లాడండి. మనం పుట్టినరోజుకు బట్టలు కొంటాం, ఈ మాట చెప్పం. ఆ రోజు నుంచి వాళ్ళు రాసిచ్చిన కాగితం చట్టం ముందు చెల్లుతుంది. సాక్షి సంతకానికీ హామీ సంతకానికీ తేడా డిగ్రీ పిల్లల్లో పదిమందికి ఒకరు కూడా చెప్పలేరు, నా తరగతుల్లో చూసిన మాట. సాక్షి, ఎదుట సంతకం జరిగిందని చెబుతాడు, అంతే. హామీదారు మాత్రం అప్పు తీసుకున్నవాడితో సమానంగా బాధ్యుడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ఈ మాటే చెబుతుంది. స్నేహితుడి బండి కోసం హామీ పెట్టి, వాడు కట్టకపోతే మొదటి జీతం నుంచి కట్టుకున్న పిల్లవాణ్ణి నేను ఎరుగుదును. అప్పు చరిత్ర కూడా అప్పుడే మొదలవుతుంది. ఆ చరిత్రను బట్టి ఇచ్చే, 300 నుంచి 900 మధ్య ఉండే క్రెడిట్ స్కోరులో ఎగ్గొట్టిన ఫోను వాయిదా కూడా కనిపిస్తుంది. ఏడాదికి ఒక నివేదిక ఉచితంగా చూసుకోవచ్చు.

సంతకం కంటే ఈ కాలంలో ప్రమాదమైనది ఖాతా అద్దెకివ్వడం. దీని గురించి ఇద్దరికీ ఈ వారమే చెప్పండి. మా దగ్గర చదివే ఒక కుర్రాణ్ణి సీనియర్ ఒకడు అడిగాడు: "నీ ఖాతాలోకి కొంత డబ్బు వస్తుంది, తీసి ఇవ్వు, ఐదు వేలు నీవి." వీడు ఏటీఎం కార్డు, సిమ్ము ఇచ్చేశాడు. మూడు వారాలకు ఖాతా స్తంభించింది. వేరే రాష్ట్రం పోలీసుల నుంచి నోటీసు వచ్చింది. ఎవరో వృద్ధుణ్ణి మోసం చేసిన డబ్బు వీడి ఖాతా గుండా వెళ్ళింది. తండ్రి ఆటో నడుపుతారు. ఆయన లాయరు ఫీజు కోసం అప్పు చేసి, నా ఎదురుగా కూర్చుని "మావాడు దొంగ కాదమ్మా" అన్నప్పుడు నా దగ్గర మాట లేదు. దొంగ కాదు, నిజమే. తెలియదు, అంతే. ఆ తరువాత ప్రతి ఏడాదీ నా మొదటి తరగతి ఇదే. డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలని, డబ్బు రావడానికి యూపీఐ పిన్ను ఎప్పుడూ కొట్టనక్కర్లేదని కూడా అప్పుడే చెబుతాను.

అప్పుల యాప్‌ల గురించి చిన్న మాట. 2022లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నియమాల ప్రకారం అప్పు నేరుగా తీసుకున్నవారి ఖాతాలోకే రావాలి, అన్ని రుసుములూ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో ముందే కాగితం మీద చూపాలి, ఫోనులోని పరిచయస్తుల నంబర్ల జోలికి పోకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ యాప్ తీసేయమనండి.

షేర్ల సంగతి. నేను షేర్లకు వ్యతిరేకిని కాను, నా పొదుపులో కొంత భాగం మ్యూచువల్ ఫండ్లలో ఉంది. కానీ పిల్లలకు అమ్ముతున్న కోర్సుల్లో ఎక్కువ భాగం ఫ్యూచర్స్, ఆప్షన్స్ వైపే, అంటే ధర ముందు ముందు పెరుగుతుందా తగ్గుతుందా అని పందెం కాసినట్టుండే ఒప్పందాల వైపే తీసుకెళ్తున్నాయి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళ లెక్క తీసి, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది: అందులో దిగిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. కోటి మందికి పైగా ఉన్న ఆ గుంపు పోగొట్టుకున్నది 1.8 లక్షల కోట్లకు పైన. మీ అమ్మాయి ఉద్యోగంలో చేరాక, కనీసం మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకున్నాక, నెలకు ఐదు వందలతో ఒక ఇండెక్స్ ఫండ్ (మార్కెట్ సూచీలోని కంపెనీలన్నిట్లో కొద్దికొద్దిగా పెట్టే మ్యూచువల్ ఫండ్) మొదలుపెట్టవచ్చు. అప్పుడు దానికి కోర్సు అక్కర్లేదు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఇంటి అప్పులు పిల్లలకు చూపమన్నాను కదా, వాళ్ళ మీద వేయమనలేదు. "నీ చదువు కోసమే ఇంత అప్పు చేశాం" అన్న మాట ఒక్కటి వచ్చినా లెక్క వినపడదు, నింద ఒక్కటే వినిపిస్తుంది. పరీక్షల నెలల్లో ఈ ప్రస్తావనే వద్దు. రెండోది, డబ్బు మాటలు వచ్చినప్పుడు కొడుకును కూర్చోబెట్టి కూతురిని లోపలికి పంపే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. మీ ఇల్లు అలాంటిదని అనడం లేదు. కానీ ఆడపిల్లలతో మాట్లాడించడానికి మీ ఇంటావిడ కూడా కూర్చోవాలి. నెలనెలా సంఘం సమావేశంలో ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలో తేల్చే డ్వాక్రా మహిళకు తెలిసిన లెక్క నా బీకాం పిల్లలకు తెలియదు. మా తరగతికి అలాంటి ఇద్దరు తల్లులను పిలిచాను. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

చివరగా అమ్మాయి విద్యా రుణం. ఆమెకు మొదటి పాఠం ఇదే కావాలి. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్ళు, 10 శాతం. చదువు అయ్యాక ఇంకో ఏడాది వరకు వాయిదాలు కట్టనక్కర్లేదు, కానీ వడ్డీ ఆగదు. మొదటి లక్ష మీద ఐదేళ్ళకు 50 వేలు, రెండో లక్ష మీద 40, మూడో దాని మీద 30, నాలుగో దాని మీద 20. మొదటి వాయిదా కట్టే రోజుకు నాలుగు లక్షలు కాస్తా ఐదు లక్షల 40 వేలు. ఈ సంఖ్య ఆమె చేతే రాయించండి. ఇప్పటివరకు తీసుకున్న రెండు లక్షల మీద నెలకు వడ్డీ రూ. 1,667. కోర్సుకు కడదామనుకున్న రూ. 15,000 తొమ్మిది నెలల వడ్డీకి సరిపోతుంది. చదువు సాగుతుండగానే వడ్డీ కడితే రేటులో ఒక శాతం తగ్గించే బ్యాంకులు ఉన్నాయి. తన బ్యాంకు తగ్గిస్తుందో లేదో అమ్మాయినే ఒంటరిగా పంపి అడిగి రమ్మనండి. వచ్చాక ఏమి చెప్పారో ఇక్కడ రాయండి, తరువాతి లెక్క కలిసి చూద్దాం.